పాత మానిటరుతో ప్రొజెక్టరును నిర్మించుట



తోలుబొమ్మలాట ఎట్లు జరుగునో మీలో పలువురు ఎరుగుదురు. మేకతోలును వెండ్రుకలు లేకుండ గీకి, పలుచన చేసి, కాంతి చొచ్చునంతగా శుభ్రపరచి, రంగులు వేసి బొమ్మగా కత్తిరింతురు. ఎదుట తెల్లని బట్టను కట్టి, వెనుక దీపము నుంచి, ఆ రెంటి నడుమ బొమ్మను ఆడింతురు. దీపకాంతి బొమ్మగుండ వచ్చునపుడు దాని రంగులను బట్టపై పరచును. ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంట గ్రామమున ఈ బొమ్మలను నేటికిని చేయుచున్నారు. దీనినే మన కన్నడ సోదరులు తొగలు గొంబెయాట అందురు. 2023లో కీర్తిశేషులైన బెళగల్లు వీరన్నగారు మన బళ్ళారివారే. ఆ కళలో పేరుగన్నవారు.

ఈ ఆటకు కావలసినవి మూడు: దీపము, కాంతిని చొరనిచ్చు రంగుల బొమ్మ, తెర. ప్రొజెక్టరునకును ఈ మూడే కావలెను. వీటికి తోడు బొమ్మను పెద్దదిగా చేయుటకు కటక మొకటి చేరును. పాడైపోయెనని మూలపడవేసిన కంప్యూటరు మానిటరులో ఆ రంగుల బొమ్మ సిద్ధముగా నున్నది. దానితో ప్రొజెక్టరును ఎట్లు చేయవచ్చునో, అందలి చిక్కు ఎక్కడ నున్నదో ఈ పాఠమున తెలిసికొందము. బొమ్మను తెరపై పడవేయుట సులభమే. అది కంటికి ఆనునంత వెలుగును తెరదాక చేర్చుటయే కష్టము. ఈ మాటను మనసున నుంచుకొని ముందునకు సాగుడు.

మానిటరు లోపల ఏమున్నది?

బల్లపరుపు మానిటరును రెండు భాగములుగా భావింపవచ్చును. వెనుక భాగమున తెల్లని దీపము లుండును. ముందు భాగమున గాజుపలక యుండును. ఈ పలకకు సొంత వెలుగు లేదు. రెండు పలుచని గాజుల నడుమ ద్రవ స్ఫటికము అనెడి పదార్థము నిండియుండును. గాజులకు ఇరువైపుల ధ్రువణ పొరలు అతికియుండును. విద్యుత్తు ననుసరించి ద్రవ స్ఫటికము తన అమరికను మార్చుకొని, ఒక్కొక్క చుక్క యొద్ద వెలుగును పోనిచ్చుటయో, ఆపుటయో చేయును. 15 అంగుళముల పాత మానిటరులో సాధారణముగా అడ్డముగా 1024, నిలువుగా 768 చుక్కలుండును. అనగా మొత్తము 7,86,432. ప్రతి చుక్కయందును ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు గదులుండును. ఈ బొమ్మ సెకనుకు 60 మారులు తన్ను తాను తిరుగ వ్రాసికొనును. తోలుబొమ్మకును దీనికిని గల ముఖ్యభేద మిదియే.

వెలుగు గాజుగుండ పోవుట ఈ యంత్రమునకు ఆధారము. కావున తనంతట తాను వెలుగునట్టి ఓ.ఎల్.ఇ.డి. పలకలు, ప్లాస్మా పలకలు దీనికి పనికిరావు. ద్రవ స్ఫటిక పలకయే కావలెను. వెనుక దీపములు చెడిపోయి, పలక మాత్రము బాగుగా నున్న మానిటరు మనకు మిక్కిలి తగినది. గుజరీ అంగళ్లలో అట్టివి దొరకుట కలదు. తీసికొనుటకు ముందు దానిని కంప్యూటరునకు తగిలించి, చేతి టార్చిని తెరకు దగ్గరగా పట్టి చూడవలెను. మసకగానైనను బొమ్మ కనబడినచో పలక బాగున్నదని తెలియును.

ఇది క్రొత్త ఊహ కాదు

క్రిస్టియన్ హైగెన్స్ అను డచ్చి శాస్త్రజ్ఞుడు 1659లోనే గాజుపై వ్రాసిన బొమ్మలను దీపముతోను, కటకముతోను గోడపై చూపెడి మాయాదీపమును వర్ణించెను. తరువాత గాజు బొమ్మకు బదులు ఫిల్ము చుట్ట వచ్చెను. తెలుగువారిలో రఘుపతి వెంకయ్య నాయుడుగారు 1910 ప్రాంతమున యంత్రమును తెప్పించి మద్రాసున చిత్రములు ప్రదర్శించిరి. బళ్ళారి రాఘవగారు రంగస్థలమును ఏలి, 1939లో వచ్చిన రైతుబిడ్డ చిత్రమున నటించి తెరపైకిని వచ్చిరి. ఫిల్మునకు బదులు ద్రవ స్ఫటిక పలకను వాడు ప్రొజెక్టరును అమెరికాలో జీన్ డోల్గాఫ్ 1984లో నిర్మించెను. 1980ల చివర, తరగతులలోని ఓవర్‌హెడ్ ప్రొజెక్టరుపై ద్రవ స్ఫటిక పలకను పరచి కంప్యూటరు బొమ్మను గోడపై చూపుట వాడుకకు వచ్చెను. మనము చేయబోవునది దానికి దగ్గరి చుట్టమే.

కావలసిన సామగ్రి

1. వెనుక దీపములు తీసివేసిన 15 అంగుళముల పలక, దాని విద్యుత్ పలకలతో సహా.
2. 100 వాట్ల ఎల్.ఇ.డి. దీపము ఒకటి, దానికి తగిన డ్రైవరు, వేడిని లాగెడి అల్యూమినియపు రెక్కల దిమ్మె, గాలిపంకాలు.
3. ఫ్రెనెల్ కటకములు రెండు. ఒకదాని నాభ్యంతరము సుమారు 22 సెం.మీ., రెండవదానిది సుమారు 33 సెం.మీ. రెండును పలకను పూర్తిగా కప్పవలెను.
4. సుమారు 32 సెం.మీ. నాభ్యంతరము గల కుంభాకార కటకము. పాత ఓవర్‌హెడ్ ప్రొజెక్టరు తలలోని కటకము ఇందులకు సరిపడును.
5. సుమారు 75 సెం.మీ. పొడవు గల ప్లైవుడ్డు పెట్టె. లోపల మెరుగు లేని నల్లరంగు పూయవలెను.

ఫ్రెనెల్ కటకము అననేమి? కుంభాకార కటకము యొక్క వంపులను వలయములు వలయములుగా కోసి, మందమును తీసివేసి, పలుచని పలకపై పరచినట్లు ఊహింపుడు. వెలుగును వంచునది గాజు ఉపరితలపు వాలు గాని లోపలి మందము కాదు. కావున మందమును తీసివేసినను పని జరుగును. ఆగస్టిన్ ఫ్రెనెల్ (1788–1827) అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీనిని ఓడల దీపస్తంభములకై రూపొందించెను. 1823లో ఫ్రాన్సు దేశపు కోర్డువాన్ దీపస్తంభమున ఇది మొదట వెలిగెను. నేడు ప్లాస్టిక్ రేకుగా దొరకును. ఓవర్‌హెడ్ ప్రొజెక్టరు బల్లలోని రేకు సాధారణముగా 25 మొదలు 28 సెం.మీ. వెడల్పే యుండును. మన పలక వెడల్పు 30.5 సెం.మీ. కావున కొలిచి చూడక కొనరాదు.

మానిటరును విప్పుట

ఈ పనిని ఉపాధ్యాయుని సమక్షమున, విద్యుత్ పని తెలిసిన పెద్దవారే చేయవలెను. పిల్లలు చూచి నేర్చుకొనవలెను. తీగ ఊడదీసిన పిదప గూడ లోపలి కెపాసిటర్లలో విద్యుత్తు నిలువయుండును. కొంత సేపు ఆగి, అనుభవముగలవారే మూత తీయవలెను. పాత మానిటరులలోని సన్నని గాజు దీపములకు కొన్ని వందల వోల్టుల విద్యుత్తు అందును. పైగా వాటిలో పాదరస ముండును. వాటిని పగులనీయక తీసి, వేరుగా భద్రపరచి, విద్యుత్ చెత్తను తీసికొనువారికి అప్పగింపవలెను.

పలక వెనుకనున్న తెల్లని పొరలను తీసివేయగా గాజుపలక మిగులును. దాని అంచున పలుచని రిబ్బను తీగలు విద్యుత్ పలకలకు కలిసియుండును. ఇవి మిక్కిలి సున్నితమైనవి. ఒక్కటి తెగినను బొమ్మలో గీత పడును, దానిని తిరిగి అతుకుట మనవల్ల కాదు. విద్యుత్ పలకను వెలుగు దారికి అడ్డము రాకుండ పక్కకు మడువగలుగునంత పొడవు ఆ తీగలకు ఉన్నదో లేదో ముందే చూడవలెను. లేనిచో ఆ మానిటరును విడిచి వేరొకదానిని వెదకుట మేలు.

కటకపు లెక్క

మీరు తరగతిలో చదివిన కటక సూత్రము ఇచ్చట అక్కరకు వచ్చును. తెరపై బొమ్మ పలకకంటె ఎన్ని రెట్లు పెద్దదో ఆ సంఖ్యను వర్ధనము అందురు. రెండు సులభ సూత్రములను గుర్తుంచుకొనుడు:

కటకమునుండి తెరకు దూరము = నాభ్యంతరము × (వర్ధనము + 1)
పలకనుండి కటకమునకు దూరము = పై దూరము ÷ వర్ధనము

15 అంగుళముల పలక వెడల్పు 30.5 సెం.మీ., ఎత్తు 22.8 సెం.మీ. ఆరు రెట్లు పెంచిన తెరపై బొమ్మ 183 సెం.మీ. వెడల్పు, 137 సెం.మీ. ఎత్తు ఉండును. అప్పుడు తెరకు దూరము 32 × 7 = 224 సెం.మీ. పలకకును కటకమునకును దూరము 224 ÷ 6 = 37.3 సెం.మీ. నాలుగు రెట్లే పెంచదలచిన, తెరకు దూరము 160 సెం.మీ., పలకకు దూరము 40 సెం.మీ. ఈ రెండు అమరికలకును నడుమ కటకము కదలవలసినది మూడు సెంటీమీటర్లకు లోపే. కావున కటకమును ఒక గొట్టమున అమర్చి, అయిదు సెం.మీ. ముందువెనుకలకు జరుగునట్లు చేసిన చాలును.

మీ కటకపు నాభ్యంతరము తెలియనిచో ఇట్లు కనుగొనుడు. చీకటి గదిలో, కిటికీకి ఎదుటి గోడ చెంత కటకమును పట్టి, దూరమున నున్న చెట్టు బొమ్మ గోడపై స్పష్టముగా పడువరకు జరుపుడు. అప్పుడు కటకమునకును గోడకును గల దూరమే ఇంచుమించుగా నాభ్యంతరము. సూర్యుని వైపు మాత్రము ఏ కటకమును త్రిప్పరాదు, దానిగుండ చూడనే రాదు. బళ్ళారి ఎండలో ఫ్రెనెల్ రేకును విప్పియుంచిన కాగితము, బట్ట నిమిషములో అంటుకొనును. పని లేనపుడు దానిని బట్టలో చుట్టి పెట్టవలెను.

పెట్టెలో అమరిక

పెట్టె వెనుక కొసన దీప ముండును. దానికి 22 సెం.మీ. దూరమున మొదటి ఫ్రెనెల్ రేకు. దీపము నాభియందుండుటచే, అన్ని దిక్కులకు చెదరు కిరణములు రేకును దాటగనే సమాంతరములగును. తరువాత మూడు సెం.మీ. దూరమున పలక. మరి మూడు సెం.మీ. దూరమున రెండవ ఫ్రెనెల్ రేకు. ఇది పలకను దాటిన కిరణములను మరల దగ్గరకు చేర్చి, ముందున్న కటకములోనికి పంపును. ఈ రేకే లేనిచో అంచుల వెలుగు కటకమును తప్పిపోయి, బొమ్మ నడుమ మాత్రమే వెలిగి మూలలు చీకటిగా నుండును. రెండు రేకుల గాడులును పలక వైపునకే తిరిగి యుండవలెను. పలకకు మరీ ఆనించిన గాడుల గీతలు తెరపై కనబడును; మూడు సెం.మీ. ఎడము అందుకే.

ఇక అక్షరములు తలక్రిందులు కాకుండుట. కటకము బొమ్మను పైక్రిందులుగాను, కుడియెడమలుగాను తారుమారు చేయును. ప్రేక్షకులు యంత్రము వైపుననే కూర్చున్నపుడు, పలక ముఖము దీపము వైపునకు ఉండవలెను; తల క్రిందికి ఉండవలెను. ముఖమును కటకము వైపునకు పెట్టిన, ‘అమ్మ’ అని వ్రాసినది అద్దములో చూచినట్లు కనబడును. తోలుబొమ్మలాటలో వలె పలుచని బట్టకు వెనుకనుండి వెలుగు పంపి ప్రేక్షకులను ఆవలి వైపున కూర్చుండబెట్టినచో, ముఖము కటకము వైపునకే ఉండవలెను. తల మాత్రము క్రిందికే. రెంటిని కాగితముపై గీసి చూచిన కారణము మీకే బోధపడును.

వేడి అను శత్రువు

100 వాట్ల ఎల్.ఇ.డి. దీపము పుచ్చుకొన్న శక్తిలో సుమారు మూడవ వంతు మాత్రమే వెలుగగును. మిగిలినది దీపపు చిప్పు యొద్దనే వేడి యగును. అందుచే దానిని రెక్కల దిమ్మెపై ఉష్ణవాహక పూతతో బిగించి, గాలిపంకా తిరుగుచుండగనే వెలిగింపవలెను. పంకా లేక ఒక్క నిమిషమైనను వెలిగింపరాదు.

పలకయు వేడెక్కును. ద్రవ స్ఫటికములను మొదట గుర్తించినవాడు ఆస్ట్రియా దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రెడ్రిక్ రైనిట్జర్. 1888లో ఆయన పరిశీలించిన పదార్థము ఒక ఉష్ణోగ్రత యొద్ద కరగి మబ్బుగా నుండెను. ఇంకను వేడి చేయగా మరియొక ఉష్ణోగ్రత యొద్ద తేటపడెను. ఆ మబ్బు స్థితియే ద్రవ స్ఫటిక స్థితి. మన పలకయును హద్దు మీరి వేడెక్కినచో ఆ స్థితిని కోలుపోవును. అప్పుడు బొమ్మ నడుమ నల్లని మచ్చ పుట్టి పెరుగును. వెంటనే దీప మార్పిన, చల్లారిన పిదప మచ్చ పోవచ్చును. అశ్రద్ధ చేసిన ధ్రువణ పొర మాడి శాశ్వతముగా చెడును. మన వేసవిలో గది గాలియే 40 డిగ్రీలు దాటుచుండును కదా! కావున రేకుకును పలకకును నడుమ ఎడతెగక గాలి వీచునట్లు ఒక పంకాను ప్రత్యేకించి అమర్చవలెను. పలక అంచు 50 డిగ్రీలు దాటకుండ చూచుకొనవలెను.

దీపమును కంటితో సూటిగా చూడరాదు. 230 వోల్టుల తీగలన్నియు మూసిన డబ్బాలో నుండవలెను. పెట్టెలో కాగితము, బట్ట ఉంచరాదు. యంత్రము నడచునంతసేపు పెద్దవా రొకరు దగ్గర నుండవలెను.

వెలుగు జమాఖర్చు

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చెదము. వెలుగును ల్యూమెనులలో కొలుతురు. దీపము 9,000 ల్యూమెనుల నిచ్చుచున్నదని అనుకొందము. అందు మొదటి రేకుకు చేరునది మూడవ వంతు, అనగా 3,000. మిగిలినది పెట్టె గోడలపాలు. పలకలో మొదటి ధ్రువణ పొర సగమునకు పైగా మ్రింగును. రంగుల గదులు మిగిలినదానిలో ఇంచుమించు మూడవ వంతునే పోనిచ్చును. చుక్కల నడుమ నుండు సన్నని తీగలు మరికొంత అడ్డగించును. తుదకు పలక దాటునది నూటికి అయిదు మొదలు ఎనిమిది పాళ్లు. అయిదనుకొన్న 150 ల్యూమెనులు. తక్కిన రేకు, కటకము మరి కొంత తీసికొనగా తెరకు చేరునది 120.

తొమ్మిది వేలు బయలుదేరి నూట యిరువది చేరినవి! ఆరు రెట్ల బొమ్మకు తెర వైశాల్యము 2.5 చదరపు మీటర్లు. 120ని 2.5చే భాగింపగా 48 లక్సులు వచ్చును. పగటివేళ కిటికీలు తెరచిన గదిలో గోడపై వెలుగు కొన్ని వందల లక్సులుండును. కావున పగలు మన బొమ్మ కొట్టుకొనిపోవును. దీనికి మూడు ఉపాయములు కలవు. మొదటిది, సాయంకాలము దీపములు పెట్టిన తరువాత చీకటి గదిలో చూపుట. రెండవది, బొమ్మను చిన్నది చేయుట. నాలుగు రెట్లే పెంచిన వైశాల్యము 1.1 చదరపు మీటరగును. వెలుగు 109 లక్సులకు, అనగా రెండింతలకు పైగా పెరుగును. మూడవది, దీపమును మొదటి రేకు నాభియందు సరిగా నిలుపుట. కొద్దిగా ప్రక్కకు జరిగినను ఒక వైపు చీకటి పడును. ఇంకను పెద్ద దీపమును పెట్టుద మను ఆశ కలుగవచ్చును. పలక మ్రింగిన వెలుగంతయు వేడిగా మారునని మరువరాదు. వెలుగును పెంచుటకంటె పోవుచున్న వెలుగును కాపాడుకొనుటయే మేలు.

తల్లిదండ్రులకు ఒక మాట

వస్తువులన్నియు క్రొత్తవి కొన్నచో దీనికగు వ్యయమునకు అంగడిలో చిన్న ప్రొజెక్టరే రావచ్చును. చవుకగా అమ్మెడి చిన్న ప్రొజెక్టరులలో పెక్కింటి లోపలను ఇట్టి పలక యొకటి, ఎల్.ఇ.డి. యొకటియే యుండును. కావున దీనిని డబ్బు మిగుల్చుకొనుటకు అని తలపక, పారవేసిన వస్తువుతో పాఠము నేర్చుకొనుటకు అని తలపవలెను. కటకము, ధ్రువణము, ఉష్ణము, విద్యుత్తు అను నాలుగు పాఠములు ఒకే పెట్టెలో కంటికి కనబడును. విద్యుత్ ఖర్చు స్వల్పము. పంకాలు, పలకతో కలిపి సుమారు 140 వాట్లనుకొన్న, గంటన్నర ప్రదర్శనకు యూనిట్టులో అయిదవ వంతు మాత్రమే వ్యయమగును.

మరియొక లాభము కూడ కలదు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్ర మేర్పడినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు దానిలో చేరగా, బళ్ళారి మైసూరు రాష్ట్రమునకు చెందెను. నేడు కౌల్ బజారున తెలుగు, కన్నడము, ఉర్దూ ఒకే వీధిలో వినబడును. తెలుగులో బడి చదువు ముగించిన మన పిల్లలు పైతరగతులలో కన్నడముననో ఇంగ్లీషుననో చదువవలసి వచ్చును. తెరపై పడు బొమ్మకు భాష లేదు. హృదయము కొట్టుకొనుటయో, గ్రహణము పట్టుటయో చూపుచు, ప్రక్కన నిలిచిన ఉపాధ్యాయుడు తెలుగున వివరింపవచ్చును. అదే బొమ్మకు కన్నడపు మాటను గూడ చెప్పవచ్చును. తల్లిభాషలో విషయము తెలిసిన పిల్లవానికి రెండవ భాషలో నేర్వవలసినది పేరు మాత్రమే.

ఈ పాఠములోని మాటలనే చూడుడు. మనము కటకము అన్నదానిని కన్నడమున మసూర అందురు. మసూరపప్పు గింజ ఆకారము కుంభాకార కటకము వలె నుండును కదా. ఇంగ్లీషు పేరునకును మూలము పప్పుగింజయే. మన నాభ్యంతరము వారికి సంగమ దూర. కిరణములు కలిసికొను చోటికి గల దూరమని భావము. మన ధ్రువణము వారికి ధ్రువీకరణ. ప్రతిబింబము, వక్రీభవనము ఇరువురికి ఇంచుమించు ఒక్కటే.

అభ్యాసము

1. వర్ధనము 5 అయినచో, 32 సెం.మీ. నాభ్యంతరము గల కటకమునుండి తెరకును, పలకకును ఎంతెంత దూరము ఉండవలెను? తెరపై లక్సు లెన్ని? (జవాబు: 192 సెం.మీ.; 38.4 సెం.మీ.; సుమారు 69.)

2. తోలుబొమ్మలాటలో కటకము లేదు. అయినను బొమ్మను తెరనుండి దీపము వైపునకు జరిపిన నీడ పెరుగును, అంచులు మసకబారును. కారణమేమి?

3. పాడైన కాలిక్యులేటరు తెరనుండి ధ్రువణ పొరను పెద్దవారి సాయముతో తీసి, దానిగుండ మానిటరును చూచుచు పొరను మెల్లగా త్రిప్పుడు. ఒక చోట తెర నల్లబడును. అందుండి ఎంత త్రిప్పిన మరల పూర్తిగా వెలుగును? కోణమును కొలిచి వ్రాయుడు.

4. వెలుగు జమాఖర్చును మీ నోటుపుస్తకమున వరుసగా వ్రాసి, ఏ మెట్టున ఎక్కువ నష్టము కలుగుచున్నదో గుర్తింపుడు. ఆ నష్టమును తగ్గించు ఉపాయము మీకు తోచిన తరగతిలో చెప్పుడు.